వేరు వేరు, తీగ వేరు

రెండేళ్లపాటు ఒక మగ మొక్కకి నీళ్లు పోస్తూ కాయల కోసం ఎదురుచూశాను. నవ్వుకోండి, పర్లేదు.

నర్సరీలో ద్రాక్ష మొక్క అనే కొన్నాను. మొదటి ఏడు బాగానే పాకింది. ఆ తర్వాతి ఎండల్లో పదిహేను రోజులు ఇంట్లో లేను, వచ్చేసరికి పైనంతా ఎండి కట్టెలా ఉంది. పోయిందిలే అనుకుంటుంటే ఒకరోజు మొదట్లో, మట్టికి జానెడు కూడా లేని ఎత్తులో, చిన్న చిగురు కనిపించింది. ఇక దాన్ని కంటికి రెప్పలా చూసుకున్నాను. అది మామూలుగా పెరగలేదు, ఎవరో తరుముతున్నట్టు పెరిగింది. ఆకులు చిన్నవి, నున్నగా మెరుస్తూ ఉండేవి, ఒక్క మచ్చ లేదు, ఒక్క తెగులు లేదు. అంతా నా చేతి చలవ అనుకున్నాను. రెండో ఏడు పూత కూడా వచ్చింది, దగ్గరికి వెళ్తే కమ్మటి వాసన. వారం తిరిగేసరికి ఆ పూతంతా రాలిపోయింది. ఒక్క పిందె కట్టలేదు.

పక్కింటి తాతగారు చాలాకాలం ద్రాక్షతోట చేసిన మనిషి. ఒకసారి వచ్చి చూడండి అంటే వచ్చారు. పైన పందిరి వైపు చూడనే లేదు. నేరుగా కింద కూర్చుని, మట్టి పక్కకి తోసి, మొదలు తడిమారు. అక్కడ బొటనవేలంత ఉబ్బు ఉంది. దాని పైన ఎండిన పుల్ల, దాని కింద నుంచి నా బంగారు తీగ.

"అంటు పైన చచ్చిపోయింది బాబూ. నువ్వు పెంచింది కింది వేరుని. అదీ మగది. వెయ్యేళ్లు నీళ్లు పోసినా కాయదు."

"మరి అలాంటి వేరు ఎందుకు పెడతారండీ?"

"పురుగుకి" అని చేతులు దులుపుకుని వెళ్లిపోయారు.

ఆ ఒక్క మాట పట్టుకుని నాలుగు నెలలు ఏవేవో చదివాను. ద్రాక్ష గురించి వెతికితే ఎక్కువగా దొరికేది వైన్ సంగతే. వైన్ గురించి ఎవరు రాసినా రుచి, వాసన, ఏ సంవత్సరపు సీసా అనే గొడవే. నాకు మాత్రం అందులో కనిపించింది మట్టి, అడవి, బూజు, పురుగు, వాటి వెనకాల పరిగెత్తే మనిషి. ఒక మొక్కని ఉన్నది ఉన్నట్టు ఆపేద్దామని మనిషి అనుకున్నాడు, దాని చుట్టూ ఉన్నవేవీ ఆగలేదు. ఇంత పెద్ద కథా ఈ చిన్న విషయం దగ్గరే మొదలైందని నా నమ్మకం.

అడవి ద్రాక్షలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. గాలో పురుగో పుప్పొడి మోస్తే కాయ. ఎప్పుడో ఒకటీ అరా మొక్కకి మాత్రం రెండూ ఒకే పువ్వులో వచ్చేస్తాయి, పక్కన మగ మొక్క ఉన్నా లేకపోయినా అది కాస్తుంది. అలాంటి వాటిని మనుషులు పట్టుకుని దగ్గర పెట్టుకున్నారు. 2023లో 3,500కి పైగా ద్రాక్ష మొక్కల జన్యువులు పోల్చి చూసిన శాస్త్రవేత్తలు, ఈ పని సుమారు 11,000 ఏళ్ల కిందట రెండు చోట్ల, అటు పశ్చిమాసియాలోనూ ఇటు కాకసస్ కొండల దగ్గరా, విడివిడిగా జరిగిందని తేల్చారు. ద్రాక్షతో ఒక చిక్కుంది. గింజ వేస్తే తల్లిలా రాదు, పులుపో తీపో నలుపో తెలుపో వచ్చేదాకా తెలీదు. అందుకని నచ్చిన మొక్క కొమ్మ కత్తిరించి నాటడం అలవాటైంది. ఆ కొమ్మ పెరిగాక దాని కొమ్మ, మళ్లీ దాని కొమ్మ. ఫ్రాన్సులో ఓర్లియాన్ ఊళ్లో తవ్వకాల్లో దొరికిన ఒక మధ్యయుగపు ద్రాక్ష గింజని పరీక్షిస్తే, అది ఇవాళ్టికీ సాగులో ఉన్న సావాన్యాఁ బ్లాఁ రకంతో అచ్చుగుద్దినట్టు సరిపోయింది. సుమారు 900 ఏళ్ల తేడా. తల్లీబిడ్డా పోలిక కాదది, అదే మొక్క. అన్నేళ్లుగా ఆ మొక్క మళ్లీ గింజ నుంచి పుట్టలేదు, తనే ఒక తోట నుంచి ఇంకో తోటకి నడుచుకుంటూ వచ్చింది.

బూజుకి మాత్రం వారం వారం పిల్లలే. పురుగుకి ఏడాదిలో ఎన్నో తరాలు. వీటిలో ఎవరు మారతారు, ఎవరు ఉన్నచోటే ఉండిపోతారు అనేది చెప్పనక్కర్లేదు కదా.

సరే, వైన్. జార్జియా దేశంలో, టిబిలిసికి దక్షిణాన గదచ్రిలి గోరా, షులావెరిస్ గోరా అనే రెండు పాత దిబ్బల్లో దొరికిన మట్టి బానల పెంకుల్లో టార్టారిక్ ఆమ్లం జాడలు బయటపడ్డాయి. ద్రాక్షలో పుష్కలంగా ఉండే ఆమ్లం అది. వయసు సుమారు 8,000 ఏళ్లు. జార్జియా వాళ్లు ఇప్పటికీ పెద్ద పెద్ద కాగుల్ని మెడదాకా భూమిలో పాతి అందులోనే పులియబెడతారు, క్వెవ్రీ అంటారు వాటిని. కరెంటు లేదు, ఫ్రిజ్ లేదు, భూమి చల్లదనమే అన్నీ. పులియబెట్టే ఈస్ట్ సంగతి చదివినప్పుడు మాత్రం కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. పండిన పండు మీద ఈస్ట్ ఉంటుంది సరే, పండు లేని చలికాలమంతా ఎక్కడుంటుంది? 2012లో ఇటలీ పరిశోధకులు చెప్పిందేమిటంటే, కందిరీగల కడుపులో. రాణి కందిరీగ ఆ ఈస్ట్‌ని పేగుల్లో పెట్టుకుని చలికాలమంతా నిద్రపోతుంది, వసంతంలో పిల్లపురుగులకి మేత నోటికందించేటప్పుడు అదీ అందిస్తుంది, అవి పెద్దవై పండిన ద్రాక్షని కొరుకుతాయి. అంటే తోట పక్కన పొదలుండాలి, పొదల్లో కందిరీగలుండాలి. తోటంటే పందిరొక్కటే కాదన్నమాట.

రోమన్లు ద్రాక్షని చెట్ల మీదికి ఎక్కించేవాళ్లు. ఎల్మ్ చెట్లో, పాప్లర్ చెట్లో వరసగా నాటి, తీగని కొమ్మల్లోకి పాకించి, కింద ఇంకేదో పంట వేసేవాళ్లు. కోతకొచ్చే కూలీ, పడి చస్తే దహనానికీ సమాధికీ ఖర్చు యజమానిదేనని ముందే ఒప్పందం చేసుకుంటాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అంత ఎత్తన్నమాట. తర్వాత తర్వాత చెట్లు పోయాయి, గుంజలొచ్చాయి, ఇంకా తర్వాత తీగెలు లాగి మధ్యలో ట్రాక్టరు పట్టే వరసలొచ్చాయి. అప్పట్లోనే ద్రాక్ష ఎంత పాకిందంటే, క్రీ.శ. 92లో డొమిషియన్ చక్రవర్తి ఇటలీలో కొత్త తోటలు వేయొద్దు, బయటి రాష్ట్రాల్లో ఉన్నవాటిలో సగం పీకేయండి అని ఆజ్ఞ ఇచ్చాడు. తాగడానికి ఉంది, తినడానికి గింజలు లేవని ఆయన గోల. ఎవరూ పెద్దగా విన్నట్టు లేదు.

మధ్యయుగంలో ఫ్రాన్సులోని బర్గండీకి వెళ్దాం, అక్కడ కాసేపు ఆగాలి. బర్గండీ పేరెత్తితే అందరూ మట్టి మహిమ అంటారు. ఆ గట్టు మీద ఒక రుచి, పక్క గట్టు మీద ఇంకో రుచి, అంతా ప్రకృతి ఇచ్చిందే అన్నట్టు మాట్లాడతారు. నిజానికి వాలు మీద ద్రాక్ష వేస్తే గడ్డి ఉండదు, మొక్కల మధ్య నేలంతా బోడి, గట్టి వాన పడితే మట్టి కిందికి కొట్టుకుపోతుంది. కొట్టుకుపోయిన మట్టిని బుట్టలకెత్తి, వీపు మీద మోసుకుని మళ్లీ పైకి తెచ్చి పోసేవాళ్లు. ఒకసారి కాదు, వందల ఏళ్లు. బయటి నుంచి మట్టి తెచ్చి కలిపిన సందర్భాలూ ఉన్నాయి. ఆ మట్టిలో ప్రకృతి ఎంత, కూలీల నడుములు ఎంత అనేది ఎవరు విడదీస్తారు? 1395లో అక్కడి డ్యూక్, సాహసి ఫిలిప్ అని పేరు, గమే రకం ద్రాక్షని చెడ్డ మొక్క, నమ్మకద్రోహి మొక్క అని తిట్టి పీకేయమన్నాడు. తోటలకి పెంట ఎరువు వేయొద్దని కూడా అదే ఆజ్ఞలో చెప్పాడు. దిగుబడి పెరిగితే రుచి పోతుందని భయం. మొక్క నమ్మకద్రోహం చేయడమేమిటో నాకైతే ఎప్పటికీ అర్థం కాదు.

ఆ ప్రాంతం ఇంకోటి కూడా ఇచ్చింది, అది మాత్రం నిజంగా నిధి. కోత ఎప్పుడు మొదలుపెట్టాలో ఎవరికి వాళ్లు అనుకోవడానికి లేదు, ఊరి పెద్దలు తేదీ ప్రకటించాలి. అది ఎక్కడో ఒకచోట రాసిపెట్టేవాళ్లు. ఎండలు బాగా కాస్తే కోత ముందుకొస్తుంది, చల్లగా ఉంటే వెనక్కి పోతుంది. కాబట్టి థర్మామీటరు పుట్టక ముందు ఎండాకాలాలు ఎలా ఉండేవో ఈ గుమాస్తాల పుస్తకాల్లోంచి తీయొచ్చు. ఎమాన్యుయెల్ లె రోయ్ లదురీ అనే చరిత్రకారుడు 1960ల్లో ఈ దారి పట్టాడు. బర్గండీలోని బోన్ పట్టణపు కోత తేదీలు 1354 నుంచి 2018 దాకా, 664 ఏళ్లవి, ఒక వరసలో పేర్చి 2019లో ప్రచురించారు. 1354 నుంచి 1987 వరకు సగటున కోత సెప్టెంబర్ 28న మొదలైంది. 1988 నుంచి చూస్తే సగటున 13 రోజులు ముందుకొచ్చింది. ప్లేగు వచ్చినా, రాజులు మారినా, విప్లవం వచ్చినా అటూ ఇటూ ఊగుతూ నిలబడిన తేదీ, మా తరం కళ్ల ముందు జారిపోయింది. 2003లో ఆగస్టులోనే కోసేశారు.

చలి సంగతి కూడా ఆ లెక్కల్లోనే ఉంది. 1709 జనవరిలో ఫ్రాన్సులో ఎంత గడ్డకట్టిందంటే తీగలు మొదలంటా చచ్చిపోయాయి, ఆలివ్ చెట్లు కూడా పోయాయి. 1815లో టాంబోరా అగ్నిపర్వతం పేలాక, ఆ మరుసటి ఏడాది యూరప్‌లో వేసవి రాలేదు, ద్రాక్ష పండనే లేదు, పండిన చోట కోత బాగా ఆలస్యమైంది. ఇండోనేషియాలో కొండ పేలితే ఎక్కడో బర్గండీ గుమాస్తా తేదీ మార్చి రాసుకున్నాడు.

సీసా, పీపా, బిరడా మూడూ అడవి కథలే. ఇంగ్లండులో యుద్ధనౌకలకి కలప చాలట్లేదని 1615లో జేమ్స్ రాజు గాజు కొలుముల్లో కట్టెలు కాల్చొద్దన్నాడు. చచ్చినట్టు బొగ్గుకి మారారు. బొగ్గు మంట వేడి ఎక్కువ, దాంతో గాజు మందంగా, గట్టిగా వచ్చింది. బుడగలొచ్చే వైన్ పోస్తే పగలకుండా నిలబడే సీసా అలా దొరికింది. అంటే షాంపేన్ వెనక ఒక కలప కరువు ఉంది. ఇక ఫ్రాన్సులో కోల్బేర్ మంత్రి నౌకాదళం కోసమని ఓక్ అడవుల్ని కట్టుదిట్టం చేశాడు, ట్రాన్సే అడవి అందులో ఒకటి. ఓక్ ఎదిగేసరికి ఓడలు ఇనుపవైపోయాయి, ఇప్పుడా అడవుల కలపంతా పీపాలకే పేరుపడింది. బిరడాకి వాడే బెరడు ఒక రకం ఓక్ చెట్టుది. ప్రపంచంలో దాదాపు సగం పోర్చుగల్‌లోనే వస్తుంది. నాటాక పాతికేళ్లకి మొదటిసారి బెరడు తీస్తారు, ఆ తర్వాత తొమ్మిదేళ్లకోసారి, బిరడాకి పనికొచ్చే నాణ్యత మూడో తీతకి గానీ రాదు. తాత నాటితే మనవడు కోసుకోవాలి. చెట్టుని నరకరు, ఒలిచి వదిలేస్తారు. ఆ చెట్ల కింద పశువులు మేస్తాయి, అంతరించిపోయే దశ దాకా వెళ్లిన ఐబీరియా లింక్స్ అనే అడవిపిల్లి లాంటి జంతువులకి అదే చోటు. స్క్రూ మూత వచ్చాక బిరడా ఎందుకనే వాళ్లున్నారు, వాళ్ల బాధ వాళ్లది, కొన్ని బిరడాలకి తడి గోనెసంచి వాసన పడుతుంది, సీసా మొత్తం పాడవుతుంది. కానీ బిరడా మానేస్తే ఆ అడవిని ఎవరు, ఏ లాభానికి ఉంచుతారు?

ఇక తాతగారి పురుగు.

అసలు కథ పురుగుతో మొదలవలేదు, బూడిదతో మొదలైంది. 1845లో ఇంగ్లండులోని మార్గేట్ ఊళ్లో టకర్ అనే తోటమాలి, గాజు ఇంట్లో పెంచుతున్న ద్రాక్ష మీద తెల్లటి పొడి చూశాడు. బూడిద తెగులు. ఉత్తర అమెరికా నుంచి వచ్చిందది. అక్కడి అడవి ద్రాక్షలు దానితో లక్షల ఏళ్లు కాపురం చేసి అలవాటు పడ్డాయి, యూరప్ ద్రాక్షకి అదేమిటో తెలీదు. పదేళ్లు తిరక్కుండా, 1854 నాటికి, ఫ్రాన్స్ వైన్ దిగుబడి అంతకుముందున్న దానిలో నాలుగో వంతుకి పడిపోయింది. గంధకం పొడి చల్లితే ఆగుతుందని కనిపెట్టి, తోటలన్నీ పసుపు పచ్చగా దుమ్మెత్తిపోసి ఎలాగో బయటపడ్డారు. పడ్డవాళ్లు ఊరుకున్నారా? తెగులు పట్టని మొక్కలు అమెరికాలో ఉన్నాయి కదా, తెచ్చి నాటుదాం అన్నారు. తప్పు ఆలోచన అని నేననను, నేనైనా అదే చేసేవాణ్ణి. అప్పటికి ఆవిరి ఓడలొచ్చాయి. తెరచాప ఓడలో నెలలు పట్టే ప్రయాణంలో మొక్క వేరుకి అంటుకున్న పురుగు దారిలోనే చచ్చేది. ఆవిరి ఓడ దాన్ని ప్రాణాలతో దింపింది.

ఫిలోక్సెరా. పేనుబంక జాతికి దగ్గరి చుట్టం, ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, పసుపు రంగు. ఫ్రాన్సులో రోక్‌మోర్ అనే ఊళ్లో ఒక వైన్ వ్యాపారి 1862లో ఇంటి పెరట్లో అమెరికా మొక్కలు నాటాడని, మరుసటి ఏడాది ఆ చుట్టుపక్కల తీగలు ఎండిపోవడం మొదలైందని చెబుతారు. చచ్చిన మొక్కని తవ్వితే ఏమీ లేదు. కుళ్లిన వేళ్లు తప్ప పురుగూ లేదు పుట్రా లేదు. శాపమన్నవాళ్లున్నారు, వాతావరణమన్నవాళ్లున్నారు. 1868 జులైలో మాంపెలియె పట్టణం నుంచి ప్లాంషాఁ అనే వృక్షశాస్త్రవేత్త ఇంకో ఇద్దరితో కలిసి వెళ్లి, చచ్చినదాన్ని వదిలేసి దాని పక్కన పచ్చగా ఉన్న మొక్కని తవ్వించాడు. భూతద్దం పెట్టి చూస్తే వేళ్ల నిండా పసుపు చుక్కలు. మొక్క చచ్చే లోపే ఆ పురుగులు పక్క మొక్కకి నడిచి వెళ్లిపోతాయి, అందుకే శవం దగ్గర ఎప్పుడూ దొరకలేదు. ఈ ఒక్క సంగతి కోసం అయిదేళ్లు పట్టింది. నేను నా మొక్కకి రెండేళ్లు పైకి చూస్తూ గడిపినవాణ్ణి, వాళ్లని ఏమనడానికి నాకు నోరు లేదు.

1874లో ఫ్రాన్స్ ప్రభుత్వం మందు కనిపెట్టినవాళ్లకి 3,00,000 ఫ్రాంకుల బహుమతి ప్రకటించింది. ఇక రాని సలహా లేదు. మొక్క కింద బతికిన కప్పని పాతిపెట్టండి అన్నది కూడా అందులో ఉంది. పనిచేసినవి మూడు. చలికాలంలో వారాల తరబడి తోటని నీళ్లలో ముంచేయడం, కానీ కొండవాలుని ఎలా ముంచుతారు? ఇసుక నేలలో నాటడం, ఎందుకంటే ఇసుకలో ఆ పురుగు నిలవలేదు. మూడోది కార్బన్ డైసల్ఫైడ్, పెద్ద సిరంజీ లాంటి ఇనుప గొట్టంతో మట్టిలోకి పొడవాలి. కంపు, విషం, చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది, ఖర్చు వేరే. డబ్బున్నవాళ్లు పొడిచారు, లేనివాళ్లు తోటలొదిలేసి వెళ్లిపోయారు. 1875లో సుమారు 8.4 కోట్ల హెక్టోలీటర్ల (హెక్టోలీటరంటే వంద లీటర్లు) వైన్ తీసిన దేశం, 1889లో 2.3 కోట్ల దగ్గర నిలబడింది. వెళ్లినవాళ్లలో చాలామంది అల్జీరియాకి పోయి అక్కడ నాటారు. 1930ల నాటికి అక్కడ దాదాపు 4 లక్షల హెక్టార్ల ద్రాక్ష. జనం ఎక్కువమంది మద్యం ముట్టని దేశం, వలస పాలకుల వైన్ కోసం పొలాలిచ్చింది. 1962లో స్వాతంత్ర్యం వచ్చాక చాలా తోటలు పీకేశారు.

అసలు మందు పురుగు పుట్టిన ఊళ్లోనే ఉంది. అమెరికా ద్రాక్ష వేళ్లని ఈ పురుగు కొరికినా మొక్క లెక్కచేయదు. పండు మాత్రం నక్క వాసన అని ఫ్రెంచి వాళ్లకి నచ్చదు. అయితే వేరు అమెరికాది, తీగ మనది అని అంటు కట్టేద్దామన్నారు. దీనికి జరిగిన గొడవ అంతా ఇంతా కాదు, మా ద్రాక్ష రక్తం కలుషితమైపోతుందని బర్గండీలో 1887 దాకా అమెరికా మొక్కని ఊళ్లోకి రానివ్వలేదు. పురుగు మాత్రం అనుమతి అడగలేదు. ఒప్పుకుని నాటాక ఇంకో పేచీ. అమెరికా వేళ్లు చాలావాటికి సున్నపు నేల పడదు, ఆకులు పాలిపోయి పసుపెక్కుతాయి. ఫ్రాన్సులో బ్రాందీకి పేరుపడ్డ కొన్యాక్ ప్రాంతమంతా సున్నమే. 1887లో పియెర్ వియాలా అనే ఫ్రెంచి శాస్త్రవేత్తని అమెరికా పంపిస్తే, టెక్సస్‌లోని డెనిసన్ ఊళ్లో టి.వి. మన్సన్ అనే మొక్కల మనిషి, మా సున్నపు కొండల మీద బర్లాండియెరి అనే అడవి ద్రాక్ష బతుకుతోంది చూడు అని దారి చూపించాడు. ఆ రకం విడిగా నాటితే వేరూనడం కష్టం, అందుకని వేరే రకాలతో సంకరం చేసి వాడారు. మన్సన్‌కి ఫ్రాన్స్ 1888లో బిరుదిచ్చి గౌరవించింది. మూడు లక్షల బహుమతి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

ఇవాళ ప్రపంచంలో చాలా మటుకు వైన్ తోటల్లో మట్టి కింద ఉన్నది అమెరికా వేరే. మా సంప్రదాయం, మా నేల అని వందల ఏళ్ల పేరు చెప్పుకునే తోటలు కూడా అంతే, వాటిలో మొదలు తడిమి చూస్తే నా పెరట్లో తాతగారు తడిమిన ఉబ్బే దొరుకుతుంది. చిలీ, దక్షిణ ఆస్ట్రేలియా ఇంకా తప్పించుకుని ఉన్నాయి. గ్రీసుకి చెందిన సాంటొరీని దీవిలో అగ్నిపర్వతపు మట్టిలో తీగని బుట్టలా నేలకి చుట్టి, సొంత వేరు మీదే పెంచుతారు. స్పెయిన్‌కి చెందిన లాంజరోటే దీవిలో 1730 నుంచి 1736 దాకా అగ్నిపర్వతం పేలుతూనే ఉండి ఊళ్లని కప్పేస్తే, ఆ నల్లటి బూడిదలో పెద్ద పెద్ద గుంటలు తవ్వి, ఒక్కో గుంటలో ఒక్కో మొక్క నాటుకున్నారు. గాలికి అడ్డుగా అర్ధచంద్రాకారంలో రాళ్ల గోడ. రాత్రి మంచుని బూడిద పట్టి ఉంచి వేరుకి ఇస్తుంది. ఫొటోలు చూస్తే చంద్రుడి మీద సాగు చేసినట్టుంటుంది.

అంటుతో కథ ముగిసిందనుకున్నారు గానీ, అంటు కోసం తెప్పించిన మొక్కలతో ఇంకో తెగులు దిగింది. 1878లో, బూజు తెగులు. ఇది ఆకు అడుగున పట్టి, నాలుగు వానలు పడితే తోట మొత్తం రాల్చేస్తుంది. ఫ్రాన్సులోని బోర్డోలో మిలార్డే అనే ప్రొఫెసర్ 1882లో దారెంట నడుస్తూ ఒక విచిత్రం చూశాడు. తోటంతా ఆకు రాలి ఉంది, రోడ్డు పక్క వరసలు మాత్రం పచ్చగా ఉన్నాయి. వాటి మీద నీలం మరకలు. ఏమిటని అడిగితే, దారినపోయేవాళ్లు పళ్లు తెంపకుండా మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టామన్నారు, చూడ్డానికి విషంలా ఉండాలని. దొంగల కోసం కొట్టింది తెగులుకి పనిచేసింది. 1885లో ఆయన దాన్ని లెక్కప్రకారం తయారుచేసి చెప్పాడు, అదే మనం ఇప్పటికీ వాడే బోర్డో మిశ్రమం.

రాగి కరిగిపోదు, ఆవిరైపోదు, తినేవాడు లేడు. కొట్టిందల్లా ఆకు మీద నుంచి నేల మీదికి జారి, పైమట్టిలోనే కూర్చుంటుంది. నూట నలభై ఏళ్లుగా కొడుతున్న పాత తోటల్లో కిలో మట్టికి వందల మిల్లీగ్రాముల రాగి తేలుతోంది, వానపాములకి అలాంటి చోటు పడదు. కొట్టేవాళ్ల ఊపిరితిత్తులు నీలంగా మారిన కేసుల్ని 1969లో పోర్చుగల్ డాక్టర్లు రాశారు. ఇక్కడ నన్ను ఇరుకున పెట్టే విషయమేమిటంటే సేంద్రియ సాగులో కృత్రిమ మందులు కొట్టకూడదు, రాగి కొట్టొచ్చు. యూరోపియన్ యూనియన్ ఏడేళ్లలో హెక్టారుకి 28 కిలోలు దాటొద్దని హద్దు పెట్టింది. అంటే సీసా మీద సేంద్రియం అని చూసి మనం మురిసిపోతున్న తోటలో, మట్టి రాగిని మింగుతూనే ఉండొచ్చు. దాన్ని మోసం అనను, బూజు ముందు ఇంకో గట్టి దారి దొరక్క అలా నడుస్తోంది. కానీ "ప్రకృతి సిద్ధం" అనే మాట వాడేటప్పుడు కాస్త నాలుక కరుచుకోవాలి. షాంపేన్ తోటల సంగతి ఇంకా దారుణం. 1990ల చివరిదాకా పారిస్ నగరపు చెత్తని ఎరువుగా తెచ్చి అక్కడ పరిచేవాళ్లు. చెత్త కుళ్లి మట్టైంది, అందులోని ప్లాస్టిక్ కాలేదు. పెళ్లిళ్లలో పొంగించే సీసాల తోటల్లో నీలం ప్లాస్టిక్ ముక్కలు, గాజు పెంకులు.

వేరు విషయంలో కూడా నేర్చుకున్నది మర్చిపోయారు. కాలిఫోర్నియాలో ఏఎక్స్‌ఆర్1 అని ఒక వేరు రకం, కాపు బాగా ఇస్తుందని యూనివర్సిటీ వాళ్లే సిఫారసు చేసింది, అందరూ నాటారు. దానిలో సగం యూరప్ ద్రాక్షే. వేరే దేశాల్లో అది అప్పటికే చేతులెత్తేసింది. 1980ల్లో దాన్ని తినగలిగే ఫిలోక్సెరా బయల్దేరింది, నాపా, సొనోమా లోయల్లో వేల ఎకరాలు పీకి మళ్లీ నాటారు.

ఇప్పుడు ఎండ. ద్రాక్ష త్వరగా తీపెక్కుతోంది, పులుపు పడిపోతోంది, తీపి ఎక్కువైతే వైన్‌లో ఆల్కహాల్ పెరుగుతుంది. చలి ముందుగా తగ్గడంతో చిగురు తొందరపడి వచ్చేస్తుంది, ఆ తర్వాత ఒక్క రాత్రి మంచు కురిస్తే చాలు. 2021 ఏప్రిల్‌లో ఫ్రాన్సులో తోటల వరసల మధ్య వేల కొద్దీ మంటలు వెలిగించి కాపలా కాశారు, అయినా చాలాచోట్ల చిగుళ్లు మాడిపోయాయి. అదే ఏడాది బోర్డోలో ఎప్పుడూ లేనిది ఆరు కొత్త రకాలకి అనుమతిచ్చారు, అందులో పోర్చుగల్ రకాలూ ఉన్నాయి. నమ్మకద్రోహి అని మొక్కని తరిమిన దేశం అది! 2020లో కాలిఫోర్నియాలో అడవులు తగలబడితే పొగ ద్రాక్ష తొక్కలోకి దిగింది. పండు తింటే తేడా తెలీదట, పొగలోని పదార్థాలు చక్కెరతో ముడిపడి దాక్కుంటాయి. పులిశాక ఆ ముడి విడిపోతుంది, అప్పుడు బూడిద నాకినట్టుంటుంది. చాలామంది ఆ ఏడు పంట కోయకుండా వదిలేశారు.

తెగులు తట్టుకునే సంకర రకాలు ఇప్పుడు ఉన్నాయి. అమెరికా, ఆసియా అడవి ద్రాక్షల గుణాలు కలిపినవి. వాటికి మందు కొట్టడం బాగా తగ్గుతుంది. అడ్డం ఏమిటంటే పేరు. జనం సీసా మీద తెలిసిన పేరు చూసి కొంటారు, ఆ పేరు ఉన్న మొక్కకి పిల్లలు పుడితే ఆ పేరు పోతుంది. నన్నడిగితే పేరు పోనివ్వాలి. కానీ నేను వైన్ అమ్ముకుని బతికేవాణ్ణి కాదు, నా మాట తేలిక.

నా మొక్క సంగతి చెప్పి ఆపుతాను. పీకేద్దామనుకున్నాను, తాతగారు ఒప్పుకోలేదు, "అంత మంచి వేరుని ఎవరైనా పీకుతారా" అని తిట్టారు. ఆకులు రాలిన రోజుల్లో వచ్చి మొదలు అడ్డంగా కోసేసి, మధ్యలో కత్తితో చీల్చి, రెండేసి కళ్లున్న రెండు పుల్లల్ని చివర చీలికలా చెక్కి అటూ ఇటూ దూర్చారు. బెరడుకి బెరడు ఆనాలి, వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టదు అని మూడుసార్లు చెప్పారు. ప్లాస్టిక్ పట్టీ చుట్టి, పైన మైనం పూశారు. ఒక పుల్ల ఎండిపోయింది. రెండోది పట్టింది, అయిదు ఆకులేసింది. వెడల్పాటి ఆకులు, పాతవాటిలా మెరవవు.

నిన్న పొద్దున్న మూడో ఆకు మీద తెల్లటి పొడి కనిపించింది. వేలితో తుడిస్తే పోయింది, సాయంత్రానికి మళ్లీ ఉంది. రేపు గంధకం పొడి తేవాలి.